డోర్సెట్ హీత్ బీడులో అక్షింతల సాలీడు: దాన్ని కాపాడడమంటే ఏం చేయడం?

మట్టివాసన (చర్చ ప్రారంభం)

మిత్రులకు నమస్కారం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని డోర్సెట్ కౌంటీకి మాత్రమే పరిమితమైపోయిన ఒక సాలీడు గురించి కొన్ని వారాలుగా చదువుతున్నాను. ఇంగ్లిషులో దాన్ని లేడీబర్డ్ స్పైడర్ అంటారు. శాస్త్రనామం ఎరేసస్ శాండలియాటస్. లేడీబర్డ్‌ను మన రైతులు అక్షింతల పురుగు అంటారు కనుక, ఈ చర్చలో దీన్ని అక్షింతల సాలీడు అని పిలుచుకుందాం. ఐరోపా ఖండంలో మరికొన్ని దేశాల్లో ఉన్నా, బ్రిటన్ వరకు దీని ఇల్లు డోర్సెట్ హీత్ బీడే. హీత్ అంటే ఇసుక పాలు ఎక్కువగా ఉన్న, సారం లేని, ఆమ్ల గుణం ఉన్న నేల. దాని మీద ముఖ్యంగా పెరిగేది హెదర్ అనే మోకాలెత్తు పొద.

1906 తర్వాత బ్రిటన్‌లో ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనే అనుకున్న ఈ జీవి, డెబ్బై ఏళ్లు దాటాక, 1980 ప్రాంతంలో, డోర్సెట్‌లోనే ఒక చిన్న హీత్ ముక్కలో మళ్లీ దొరికింది. 1994లో లెక్కిస్తే అక్కడ ఉన్నవి 56 మాత్రమే. ఆ తర్వాత జరిగిన పని వల్ల సంఖ్య వెయ్యి దాటిందని 2011 నాటికి వార్తలు వచ్చాయి.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. అంత స్పష్టమైన ఎరుపు రంగున్న సాలీడు, ప్రకృతి పరిశీలకులు అంతమంది ఉన్న దేశంలో, డెబ్బై ఏళ్లు కంటబడకుండా ఎలా ఉండగలిగింది? రెండోది, దాని కోసం చెట్లు నరుకుతున్నారు, దాన్ని ప్లాస్టిక్ సీసాల్లో పెట్టి మరో చోటికి మోస్తున్నారు. దీన్ని ప్రకృతిని కాపాడడం అనాలా, తోట పెంచడం అనాలా? తెలిసినవారు చెప్పగలరు.

ఎనిమిదికాళ్లు

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ సాలీడు బతికే తీరులోనే ఉంది. ఇది ఎరేసిడే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబపు సాలీళ్లకు ఒళ్లంతా పొట్టి నూగు దట్టంగా ఉండి మఖమలు గుడ్డలా కనిపిస్తుంది. మీరు అనుకుంటున్న ఎరుపు ఎదిగిన మగవాటికి మాత్రమే ఉంటుంది. ఆడది దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున, నల్లగా, బొద్దుగా ఉండి, తాను తవ్వుకున్న బొరియలోనే బతుకంతా గడుపుతుంది. బొరియ పది సెంటీమీటర్ల వరకు లోతుంటుంది, లోపలి గోడలకు పట్టు పూత ఉంటుంది, నేలమట్టానికి వచ్చాక ఆ పట్టే ఒక పక్కకు పరుచుకొని చిన్న పందిరి అవుతుంది. ఆ పందిరికి ఎండిన హెదర్ ఆకులూ నాచు తునకలూ ఇసుక రేణువులూ అంటుకొని ఉంటాయి కాబట్టి, అది మన చెప్పుకు జానెడు దూరంలో ఉన్నా కంటికి ఆనదు.

మగది కూడా మూడు నాలుగేళ్లు అలాగే నేల కింద నల్లగానే పెరుగుతుంది. చివరి కుబుసం విడిచిన తర్వాత మాత్రమే పొట్ట ఎర్రబడి, దాని మీద నల్ల చుక్కలు, కాళ్ల మీద తెల్ల పట్టీలు వస్తాయి. అప్పుడు ఎక్కువగా మే నెలలో, ఎండ బాగా కాసే పూట, ఆడదాన్ని వెతుక్కుంటూ బయటికి నడుస్తుంది. ఆ నడక కొద్ది వారాల ముచ్చటే. అంటే ఏళ్ల తరబడి బతికే జీవి మనిషి కంటబడే అవకాశం ఏడాదికి కొన్ని ఎండ రోజులు మాత్రమే. అదీ సెంటీమీటరు కూడా లేని ఒంటితో, మోకాలెత్తు పొదల మధ్య.

పేరు గురించి ఒక మాట కూడా చేరుస్తాను. పాత పుస్తకాల్లో ఇది ఎరేసస్ నైగర్ అనీ, ఎరేసస్ సిన్నబెరైనస్ అనీ కనిపిస్తుంది. ఐరోపాలోని ఎర్ర మగ ఎరేసస్‌లన్నిటినీ చాలాకాలం ఒకే జాతిగా లెక్కవేశారు. 2008లో జరిగిన పునఃపరిశీలనలో వాటిని వేరువేరు జాతులుగా విడదీశారు. మగవి బయటికి వచ్చే కాలం కూడా వాటిని వేరు చేస్తుంది: శాండలియాటస్ మగవి వసంతంలో తిరుగుతాయి, కొల్లారి అనే దగ్గరి జాతి మగవి వేసవి చివర, శరత్తులో తిరుగుతాయి.

పర్బెక్ బాట

నేను డోర్సెట్‌కు దగ్గరలో నివసిస్తూ, కొన్నేళ్లుగా శీతకాలాల్లో హీత్ పనులకు స్వచ్ఛందంగా వెళ్తున్నాను. ఎనిమిదికాళ్లు గారు చెప్పినది అక్షరాలా నిజమని నా కళ్లతో చూసిన ఒక పూట గురించి చెబుతాను.

అది మే నెల, పదకొండు గంటల వేళ. రాత్రి చలి ఇంకా పొదల నీడల్లో ఉంది గానీ దారి పక్కన ఇసుక మీద అరచేయి పెడితే వెచ్చగా తగిలింది. ఒక చిన్న ఎర్ర చుక్క ఎండిన హెదర్ కొమ్మ మీదుగా దిగి, ఇసుకలో నాలుగడుగులు నడిచి, ఆగి, ముందుకాళ్లు పైకెత్తి, మళ్లీ నడిచింది. మా ఊళ్లో తొలకరికి కనిపించే ఆరుద్ర పురుగే నాకు ముందుగా గుర్తుకొచ్చింది. ఈ సాలీడు రంగు కొంచెం నారింజ వైపు ఉంటుంది గానీ ఆ మెత్తటి మెరుపు అదే. వంగి చూస్తే నాలుగు నల్ల చుక్కలు, వాటి చుట్టూ సన్నటి తెల్లటి అంచు కనిపించాయి. రెండు నిమిషాల్లో అది నాచు కిందికి వెళ్లిపోయింది. మేఘం అడ్డం రాగానే ఇవి ఇలాగే మాయమవుతాయని అనుభవజ్ఞులు చెప్పారు. అన్నేళ్లలో నేను మగదాన్ని చూసింది ఆ ఒక్కసారే.

ఆడవాటి పందిళ్లు మాత్రం, అనుమతి ఉన్న పరిశీలకులతో కలిసి వెళ్లినప్పుడు, కొన్ని చూశాను. కొత్తగా అల్లిన పట్టు ఎండకు లేత నీలంగా మెరుస్తుంది. ఒక పందిరి అంచున ఆకుపచ్చటి టైగర్ బీటిల్ రెక్క డిప్ప, దాని పక్కన మూడు కొమ్ముల మినోటార్ పేడపురుగు తల అలాగే వేలాడుతూ కనిపించాయి. తనంత లావు పురుగులను కూడా ఆ సాలీడు పట్టగలదని ఆ మిగుళ్లే చెబుతాయి.

సంధ్య

జిగురు లేకుండానే ఈ సాలీడు అంత గట్టి పేడపురుగులను పట్టుకుంటుందని ఒకచోట చదివాను. అది ఎలా సాధ్యమో ఎవరైనా వివరించగలరా? తల్లి సాలీడును పిల్లలే తినేస్తాయన్నది కూడా నిజమేనా?

ఎనిమిదికాళ్లు

రెండూ నిజమే, సంధ్య గారూ.

తోటల్లో గుండ్రటి గూడు అల్లే సాలీళ్లు దారం మీద జిగురు చుక్కలు పెడతాయి. ఎరేసస్ పద్ధతి వేరు. దాని పొట్ట చివర జల్లెడలాంటి ఒక పలక ఉంటుంది. దాని నుంచి వేల సంఖ్యలో అతి సన్నటి పోగులు వస్తాయి. నాలుగో జత కాళ్ల మీద ఉన్న దువ్వెనలాంటి వెంట్రుకల వరుసతో వాటిని దువ్వి, ఏకిన దూదిలా ఉబ్బిన దారంగా మారుస్తుంది. పురుగు కాలి ముళ్లు అందులో చిక్కుకుంటాయి. అంతేకాక, పురుగుల ఒంటి మీద ఉండే మైనం లాంటి పూతను ఆ పోగులు పీల్చుకొని మరింత గట్టిగా అతుక్కుంటాయని ఇటీవలి పరిశోధనలు చూపించాయి. ఎండిపోయే జిగురు కాదు కనుక ఈ వల ఎండ కాసే పొడి ఇసుక నేలకు బాగా సరిపోతుంది.

ఇక తల్లి సంగతి. ఆడది నాలుగైదేళ్లకు ఎదిగి, వసంతంలో ఒకసారి జతకట్టి, ఒకే ఒక గుడ్ల సంచి కడుతుంది. అందులో కొన్ని పదుల గుడ్లుంటాయి. పగలు ఆ సంచిని బొరియ పైభాగానికి తెచ్చి పందిరి కింద ఎండ వెచ్చదనంలో ఉంచుతుంది. రాత్రి చలి పడ్డాక మళ్లీ అడుగుకు దింపుతుంది. నడివేసవిలో పిల్లలు బయటపడ్డాక, తాను తిన్నదాన్ని ద్రవంగా కక్కి వాటి నోటికి అందిస్తుంది. చివరకు తల్లి ఒంట్లోని కండరాలూ అవయవాలూ కూడా కరిగి ఆహారంగా మారతాయి. తల్లి చనిపోతుంది, పిల్లలు ఆమె ఒంటిని పీల్చుకుంటాయి. ఆ శీతకాలం అవన్నీ ఆ తల్లి బొరియలోనే కలిసి గడిపి, మరుసటి వసంతంలో విడిపోతాయి.

ఈ కుటుంబానికి చెందినదే ఒకటి మన దేశంలోనూ ఉంది: ముళ్ల పొదల మీద వందల కొద్దీ కలిసి ఒకే పెద్ద గూడు కట్టుకొనే స్టెగోడైఫస్ సరసినోరమ్. అందులోనూ తల్లి పిల్లలకు ఆహారమవుతుంది. పిల్లలు పెద్దయ్యాక కూడా విడిపోకుండా కలిసే ఉంటాయి. అక్షింతల సాలీడు పిల్లలు మాత్రం విడిపోతాయి గానీ దూరం పోవు.

అలా దూరం పోలేకపోవడంలోనే దీని సంరక్షణ సమస్యంతా ఉంది. పిల్లలు చాలావరకు నడిచి, తల్లి బొరియకు కొద్ది అడుగుల దూరంలోనే సొంత బొరియలు తవ్వుకుంటాయి. అందుకే ఈ సాలీళ్లు ఎక్కడ ఉన్నా గుంపులుగా ఉంటాయి; ఒక గుంపుకూ మరో గుంపుకూ మధ్య రోడ్డో, పొలమో, దట్టమైన పైన్ తోపో వచ్చిందంటే ఆ రెండూ ఇక ఎన్నటికీ కలవవు.

చెట్టునీడ

ఇక్కడివారి శ్రద్ధను గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతాను. ఇన్ని చెట్లు పోతున్న కాలంలో, ఒక సాలీడు కోసం పైన్, బర్చ్ చెట్లను కొట్టేయడం నాకు సబబుగా తోచడం లేదు. హీత్‌ను మనిషి వదిలేస్తే అది కొన్ని దశాబ్దాల్లో అడవి అవుతుందని సంరక్షకులే ఒప్పుకుంటున్నారు. అంటే ఆ నేల కోరుకునేది అడవినే కదా. ప్రకృతి తన దారిన వెళ్తుంటే మనం ఏటేటా అడ్డం పడి, దాన్ని ఒక పాత రూపంలో నిలబెట్టడం ఎందుకు? పైగా ఆ చెట్లలో పక్షులున్నాయి, వాటి కింద శిలీంధ్రాలున్నాయి, గాలిలోని కార్బన్ వాటిలో నిల్వ అవుతోంది.

పర్బెక్ బాట

చెట్టునీడ గారూ, మీ ప్రశ్న సమంజసమైనదే. నేనూ మొదటి శీతకాలం చేతిలో రంపం పట్టుకొని అదే అడిగాను. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ చర్చకు మూలం ఇక్కడే ఉంది.

హీత్ మనిషి చేతి పనే, అది నిజం. కంచు యుగం నాటి నుంచి, అంటే మూడు వేల ఏళ్లకు పైగా, అక్కడి జనం అడవిని తీసి పశువులను మేపారు, హెదర్ కోసి పశువుల కింద పరిచారు, గోర్స్ అనే ముళ్లపొదను పొయ్యిలోకి వాడారు, పీచుమట్టిని పెళ్లలుగా తవ్వి కాల్చుకున్నారు. ఆ పనులన్నిటి వల్ల నేల నుంచి సారం బయటికి పోతూ వచ్చింది. సారం లేని ఇసుకలో హెదర్ తప్ప మరేదీ సులభంగా నెగ్గలేదు. ఆ వేల ఏళ్లలో, ఎండ నేరుగా పడే వెచ్చటి ఇసుక మీద ఆధారపడే జీవులు, అంటే ఈ సాలీడు, సాండ్ లిజర్డ్ అనే బల్లి, స్మూత్ స్నేక్ అనే పాము, ఎన్నో రకాల ఒంటరి తేనెటీగలు, కందిరీగలు అక్కడ కుదురుకున్నాయి. వాటిలో చాలావాటికి ఇంగ్లండ్ వంటి చల్లటి దేశంలో బతకడానికి దొరికిన వెచ్చటి మూల హీత్ ఒక్కటే.

పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో డోర్సెట్‌లో దాదాపు 40,000 హెక్టార్ల హీత్ ఉండేది. 1978 సర్వే నాటికి అది 6,000 హెక్టార్ల లోపుకు పడిపోయింది. ఆ మిగిలింది కూడా వందల ముక్కలుగా చీలిపోయింది. పొలాలుగా దున్నారు. 1919లో ఫారెస్ట్రీ కమిషన్ అనే ప్రభుత్వ అటవీ సంస్థ ఏర్పడ్డాక కలప కోసం వరుసల్లో పైన్ నాటారు. పూల్, బోర్న్‌మత్ పట్టణాలు హీత్ మీదికే పెరిగాయి. కాబట్టి మనం “అడవి వర్సెస్ సాలీడు” అని తూకం వేసేటప్పుడు, ఒక పళ్లెంలో ఉన్న చాలా పైన్ చెట్లు సహజంగా మొలిచినవి కావనీ, తోటల్లోంచి గాలికి కొట్టుకొచ్చిన గింజల సంతానమనీ గుర్తుంచుకోవాలి.

నేల అడవిని కోరుకుంటుందన్న మీ మాటకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే: విస్తారమైన హీత్ ఉన్నప్పుడు ఒకచోట చెట్లు పెరిగినా మరోచోట మంటో మేతో తవ్వకమో కొత్త ఖాళీ నేలను తెరిచేది, జీవులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుగుతూ బతికేవి. ఇప్పుడు ముక్కలు మిగిలాయి. 56 సాలీళ్లున్న ఒకే ఒక ముక్కను చెట్ల నీడ కమ్మితే, అవి జరగడానికి ఇంకో చోటు లేదు. బొరియ మీద నీడ పడితే గుడ్ల సంచికి వెచ్చదనం అందదు. బ్రిటన్ వంటి చల్లని దేశంలో ఆ కొద్దిపాటి వెచ్చదనంలో తేడా వచ్చినా సంతానం దక్కకపోవచ్చు.

మట్టివాసన

చాలా స్పష్టంగా రాశారు. హెదర్ ఎప్పటికీ ఒకే ఎత్తులో ఉంటుందా? చెట్లు తీసేస్తే చాలా, ఇంకేమైనా చేయాలా?

పర్బెక్ బాట

హెదర్‌కు కూడా వయసు ఉంటుంది. మొలిచినప్పుడు అక్కడక్కడ గుత్తులుగా, మధ్యలో ఇసుక కనబడుతూ ఉంటుంది. తర్వాత దట్టంగా పెరిగి నేలంతా కప్పేస్తుంది. ఆ దశలో లోపల చీకటి, తేమ. ఇంకా ముదిరితే నడిమి కొమ్మలు ఒరిగి, ఎండ పడే ఖాళీలు మళ్లీ తెరుచుకొని, వాటిలో నాచూ, లైకెన్లూ వస్తాయి. ముప్పై నలభై ఏళ్లకు పొద పడిపోతుంది. సాలీడుకు కావలసింది దట్టమైన కప్పూ కాదు, పూర్తి బోడి నేలా కాదు. పందిరి కట్టడానికి ఆసరాగా కొమ్మలు, పక్కనే ఎండ పడే చదరపు అడుగు నేల. దక్షిణం వైపు వాలిన చోటైతే మరీ మంచిది.

అందుకే ఒకేసారి అంతా కోయకూడదు. ఈ ఏడు ఇక్కడ కొంత, ఇంకో ఏడు అక్కడ కొంత, కోసింది అక్కడే వదలకుండా బయటికి మోయాలి. పశువులను, పోనీ గుర్రాలను మేపడం చాలాచోట్ల మేలు చేస్తుంది. అయితే సాలీడు గుంపు ఉన్న చోట డెక్కలు పడితే బొరియలు కూలిపోతాయి కాబట్టి అక్కడ జాగ్రత్త కావాలి.

నత్రజని సంగతి కూడా చెప్పాలి. వాహనాల పొగ నుంచి, పశువుల ఫారాల అమ్మోనియా నుంచి గాల్లోకి వెళ్లిన నత్రజని వానతో, దుమ్ముతో హీత్ మీద పడుతుంది. పేదగా ఉండడమే బలంగా ఉన్న నేలకు అది అడగని ఎరువు. నెదర్లండ్స్‌లో 1970, 80 దశకాల్లో పెద్ద విస్తీర్ణంలో హెదర్ పోయి గడ్డి బీళ్లుగా మారడానికి ఇది ఒక ముఖ్య కారణం. గడ్డి దుబ్బులు కమ్మిన చోట ఇసుక వేడెక్కదు. రంపంతో చెట్టును ఆపగలం గానీ, దీన్ని హీత్ గేటు దగ్గర నిలబడి ఆపలేం.

లెక్కలమనిషి

సంఖ్యల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. “56 నుంచి వెయ్యికి” అని రాసినప్పుడు చదివేవారికి సాలీళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారన్న భావన కలుగుతుంది. క్షేత్రంలో లెక్కించేది పందిళ్లను. చిన్న పిల్లల పందిళ్లు గింజంత ఉండి కంటికి ఆనవు. పెద్దవాటి పందిళ్లు కూడా ఎండ, తేమ, పరిశీలకుని అనుభవాన్ని బట్టి కనబడతాయి. అందుకని ఒకే చోట, ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో ఏటా చేసిన లెక్కల మధ్య పోలికకే విలువ.

ఇంకోటి, తరం మారడానికి నాలుగైదేళ్లు పట్టే జీవి ఇది. కొత్త చోటికి తెచ్చిన సాలీళ్లు రెండేళ్ల తర్వాత కనబడితే అవి బతికున్నాయని మాత్రమే తెలుస్తుంది. అక్కడే పుట్టినవి పెరిగి, వాటి పిల్లలు సొంత బొరియలు తవ్వినప్పుడు కదా గుంపు నిలిచిందనగలం. దానికి దశాబ్దం కావాలి. మూడేళ్ల నిధులతో ముగిసే పథకాలు ఈ జీవి కాలానికి సరిపోవు.

సంఖ్య కంటే కూడా ఎన్ని వేరువేరు చోట్ల ఉన్నాయన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. ఒకేచోట వెయ్యి ఉంటే ఒక్క అగ్నిప్రమాదం చాలు. 2020 మే నెలలో డోర్సెట్‌లోని వేర్హమ్ అడవిలో అంటుకున్న మంట దాదాపు 220 హెక్టార్ల మేర అడవినీ హీత్‌నూ కాల్చింది. మే నెల అంటే మగ సాలీళ్లు పైన తిరిగే నెల.

చెట్టునీడ

పర్బెక్ బాట గారి వివరణ చదివాక, కొట్టేసే పైన్ గురించి నా అభ్యంతరం చాలావరకు తగ్గింది. కానీ ఆ ప్లాస్టిక్ సీసాల సంగతి మాత్రం నాకింకా మింగుడు పడలేదు. అడవి జంతువును పట్టి సీసాలో పెట్టి మోయడం, దానికి ఇష్టమైన చోటును మనం నిర్ణయించడం కాదా?

ఎనిమిదికాళ్లు

సీసా ఎంపిక వెనుక ఆలోచన ఉంది. బొరియ సన్నగా, లోతుగా ఉంటుంది కదా. మంచినీళ్ల సీసా కూడా ఇంచుమించు ఆ ఆకారమే. దానిలో నాచు, హెదర్ నింపి సాలీడును వదిలితే, అది లోపలే పట్టు పూసి తన గూడు కట్టుకుంటుంది. తర్వాత ఆ సీసాను కొత్త హీత్‌లో ముందే తవ్విన గుంటలో దింపుతారు. అంటే ఇల్లు వదిలిన సాలీడును కాక, ఇంటితో సహా సాలీడును తరలిస్తున్నారు. ఏ రక్షణా లేకుండా బోడి నేల మీద వదిలితే, బొరియ తవ్వుకొనేలోపే ఎండకో చీమలకో కందిరీగకో బలయ్యే ప్రమాదం ఉంటుంది. 2011లో పూల్ ఓడరేవు పక్కనే ఉన్న ఆర్న్ అభయారణ్యానికి ముప్పై దాకా సాలీళ్లను ఈ పద్ధతిలోనే చేర్చారు. ఆర్న్ రాయల్ సొసైటీ ఫర్ ద ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్ నిర్వహణలో ఉంది.

ఇష్టం విషయానికొస్తే, మధ్యలో రోడ్లూ ఊళ్లూ లేని కాలంలో, వందల తరాలు మెల్లమెల్లగా నడిచి ఆ గుంపులు ఆర్న్ దాకా చేరగలిగేవి. ఆ దారిని మూసింది మనుషులం కాబట్టి దాన్ని మోసి దాటించే బాధ్యత కూడా మనదేనని నేను నమ్ముతాను.

లెక్కలమనిషి

ఒక చిక్కును మాత్రం మరువరాదు. బ్రిటన్‌లో కొత్త చోట్లకు చేర్చినవన్నీ ఆ ఒక్క మిగులు గుంపు సంతతే. సంఖ్య పెరిగినా జన్యు వైవిధ్యం పెరగదు. మూలగుంపు నుంచి ఎక్కువ తీస్తే అది బలహీనపడుతుంది. తక్కువ తీస్తే కొత్త గుంపు ఇరుకైన పునాదితో మొదలవుతుంది. ఏ ఏడు ఎన్ని తీయాలన్నది ప్రతిసారీ కష్టమైన నిర్ణయమే.

సంధ్య

వచ్చే మే నెలలో ఆ ప్రాంతానికి వెళ్లే అవకాశం ఉంది. ఫొటో తీయవచ్చా?

పర్బెక్ బాట

బ్రిటన్‌లోని వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం (1981) ఐదో షెడ్యూలులో, అంటే రక్షిత జంతువుల జాబితాలో, ఈ సాలీడు ఉంది. దాన్ని పట్టడం, చంపడం, దాని గూడును పాడుచేయడం, గూట్లో ఉండగా కలవరపెట్టడం నేరం. పరిశీలన కోసం దాన్ని పట్టాలన్నా, కదిలించాలన్నా నేచురల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ అనుమతి కావాలి. దారి మీద నడిచే మగది కనిపిస్తే దారి వదలకుండా, తాకకుండా ఫొటో తీసుకోవడంలో ఇబ్బంది లేదు. పందిరి కోసం పొదల్లోకి దిగి వెతకవద్దు. మీ కాలు ఎక్కడ పడుతుందో మీకు కనబడదు. మూలగుంపు ఎక్కడుందో బయట ఎవరూ చెప్పరు, మీరూ అడగవద్దు. ఒకవేళ ఫొటో దొరికితే అది ఏ చోటో ఇంటర్‌నెట్‌లో పెట్టకుండా, ఆ అభయారణ్యపు సిబ్బందికి మాత్రం తేదీతో సహా చెప్పండి. నిప్పు సంగతి వేరే చెప్పనవసరం లేదనుకుంటాను: వాడి పారేసే బార్బెక్యూ ట్రేలను హీత్ దరిదాపులకు కూడా తీసుకువెళ్లవద్దు.

మట్టివాసన

ఈ సాలీడుకు తోడుగా హీత్‌లో ఇలాగే తప్పిపోయి దొరికినవి ఇంకేమైనా ఉన్నాయా?

ఎనిమిదికాళ్లు

ఉంది. గ్రేట్ ఫాక్స్ స్పైడర్, శాస్త్రనామం అలోపెకోసా ఫాబ్రిలిస్. తోడేలు సాలీళ్ల కుటుంబంలో పెద్దది. వల కట్టదు, రాత్రిపూట ఇసుక మీద పరుగెత్తి వేటాడుతుంది. బ్రిటన్‌లో 1990ల తొలినాళ్ల తర్వాత కనబడలేదు. 2020లో ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో ఒక సైనిక శిక్షణ భూమిలో, రెండేళ్లపాటు రాత్రులు టార్చి వేసుకొని వెతికిన తర్వాత దొరికింది. ఆ భూమి సైన్యం చేతిలో ఉండడం వల్లనే ఇళ్లూ పొలాలూ కాకుండా మిగిలింది. వాహనాల రాకపోకలతో అక్కడక్కడ ఇసుక తెరుచుకొని ఉండడం కూడా దానికి మేలే చేసి ఉంటుంది. ప్రకృతి దారికి మనిషి అడ్డం పడడం ఎందుకని చెట్టునీడ గారు మొదట అడిగిన ప్రశ్నను ఇది ఇంకో వైపు నుంచి తాకుతుంది.

చెట్టునీడ

అంగీకరిస్తున్నాను. ఒక చివరి ప్రశ్న: ముక్కలను మళ్లీ కలిపే ప్రయత్నం ఏమైనా జరుగుతోందా, లేక ఎప్పటికీ మోసుకుంటూనే ఉండాలా?

పర్బెక్ బాట

జరుగుతోంది. 2020లో పర్బెక్ హీత్స్ జాతీయ ప్రకృతి అభయారణ్యాన్ని ప్రకటించారు. ఆర్న్‌తో సహా, అంతకుముందు వేరువేరు యజమానుల చేతుల్లో విడివిడిగా ఉన్న హీత్‌లూ బురద నేలలూ అడవులూ కలిపి 3,331 హెక్టార్లు. పశువులు కంచెలు లేకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతూ మేస్తాయి; కొన్ని పాత పైన్ తోటలను తిరిగి హీత్‌గా మారుస్తున్నారు. పాతికేళ్ల తర్వాత సాలీడు తనంతట తాను ఆ మధ్య నేలలోకి నడుస్తుందేమో చూడాలి. ఏడాదికి కొన్ని అడుగుల చొప్పున అయినా అది నడకే.

ఈ శీతకాలం మా జట్టుకు ఒప్పగించింది ఒక దక్షిణపు వాలు. అరచేయంత ఎత్తున్న పైన్ మొలకలను, హెదర్ వేళ్లు కదలకుండా, చేత్తో పట్టి లాగాలి. ఆ ఎత్తులో ఉన్నప్పుడే అయితే రంపం అవసరం ఉండదు. పోయిన శనివారం నలుగురం కలిసి మధ్యాహ్నం దాకా దాదాపు మూడు గోనెసంచులు నింపాం. వాలు ఇంకా సగం మిగిలే ఉంది.